ఈమధ్య తెలుగు సినిమాలు, వాటి వెనకున్న మన పాత జ్ఞాపకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమాకి రేటింగ్ ఎందుకు ఇవ్వరు?

2.75కీ 3కీ తేడా ఏంటో ఇచ్చినవాడికీ తెలీదు, చదివినవాడికీ తెలీదు, ఆ పావు మీద మాత్రం కామెంట్లలో తలకాయలు పగలగొట్టుకుంటారు. ఏ సీన్ నిలబడింది, ఏది పడుకుంది, ఎందుకు? అది చెప్తే చాలనుకుంటాను.

హాల్లో పాత సినిమా రిఫరెన్స్ పడగానే ఈలలే ఈలలు. జనానికి నచ్చిందిగా, ఇంకేంటి మీ బాధ?

ఈలలో తప్పేం లేదు, నేనూ వేస్తాను. కాకపోతే ఆ ఈల ఎవరికి పడిందో చూసుకోవాలి. ‘ఓజీ’ (2025 సెప్టెంబర్ 25) తీసుకోండి. పవన్ కల్యాణ్ సమురాయ్ కత్తి పట్టుకుని నిలబడితే థియేటర్ ఊగిపోయింది. ‘తమ్ముడు’ (1999) లో కిక్ బాక్సింగ్, ‘జానీ’ (2003) లో ఫైట్లు, అప్పట్లో ఆయన మార్షల్ ఆర్ట్స్ గురించి చెప్పుకున్న కబుర్లు, ఇవన్నీ బుర్రలో మోసుకుంటూ లోపలికి వచ్చినవాడికి ఆ ఒక్క షాట్‌తోనే సగం కథ అయిపోతుంది. మిగతా సగం డైరెక్టర్ చెప్పాలి కదా? సుజీత్ ఫ్రేములు బాగా పెట్టాడు, తమన్ స్పీకర్లు పగలగొట్టాడు, కానీ పాటలు, షాట్లు పక్కన పెట్టి పవన్ వేసిన ఓజస్ గంభీర ముంబై వదిలి ఎందుకు వెళ్ళిపోయాడు, ఎందుకు తిరిగొచ్చాడు అని అడిగితే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

గుర్తు చేయడం ఒక పని, కథ చెప్పడం ఇంకో పని. ఈమధ్య మన పెద్ద సినిమాలు మొదటిదాన్ని బ్రహ్మాండంగా చేసి రెండోదాన్ని సీక్వెల్‌కి వాయిదా వేస్తున్నాయి. నేను ప్రతి సినిమాకీ పెట్టే పరీక్ష ఒకటే. తెలుగు సినిమాలు అసలు చూడని మనిషిని పక్కన కూర్చోబెడితే, ఆ సీన్ ఆ మనిషికి కనీసం అర్థమైనా అవుతుందా? అయితే సీన్ ఉన్నట్టు. కాకపోతే మనం వేసిన ఈల మన పాత జ్ఞాపకానికి వేసుకున్నది. ‘గేమ్ ఛేంజర్’ (2025 జనవరి 10) కి ఆ ఈల కూడా పడలేదు. ‘ఒకే ఒక్కడు’ రోజుల శంకర్‌ని తలుచుకుంటూ వెళ్ళినవాళ్ళకి ఆ రోజుల ఐడియాలే కనిపించాయి, ఆ రోజుల పదును కనపడలేదు.

‘కల్కి 2898 ఏడీ’లో మహాభారతాన్ని మార్చేశారు, కర్ణుణ్ణి లేపడానికి అర్జునుణ్ణి తగ్గించారు అంటున్నారు. నిజమేనా?

2024 జూన్ 27న సినిమా వచ్చిన దగ్గర్నుంచీ ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. క్లైమాక్స్‌లో భైరవ (ప్రభాస్) చేతిలోకి కర్ణుడి ధనుస్సు వచ్చేసరికి ఇంటర్నెట్ రెండు శిబిరాలుగా చీలిపోయింది.

వ్యాసుడి లెక్కలో అయితే కర్ణుడికి అంత సీన్ లేదు అనేవాళ్ళ మాటకి బలం ఉంది. అంత దూరం ఎందుకు, తిక్కన విరాటపర్వం తెరిస్తే ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒక్కడే కౌరవసేన మొత్తాన్ని తిప్పికొడతాడు, అందులో కర్ణుడూ ఉన్నాడు. మరి తెలుగువాళ్ళకి కర్ణుడంటే అంత ప్రేమ ఎక్కడిది? చాలావరకు 1977 సంక్రాంతికి వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ నుంచి. ఎన్టీఆర్ తనే డైరెక్ట్ చేసి కర్ణుడూ, దుర్యోధనుడూ, కృష్ణుడూ మూడు వేషాలూ వేసిన సినిమా. కొండవీటి వెంకటకవి రాసిన ఆ కులం గురించిన డైలాగు స్కూల్ యానివర్సరీల్లో పిల్లలు ఇప్పటికీ చెప్తారు. మనకి వ్యాసుడికన్నా రామారావుగారే దగ్గర, కల్కి డైరెక్టర్ నాగ్ అశ్విన్ ఆ సంగతి తెలిసే ఆడాడు.

ఇక మార్చడం అంటారా, ‘మాయాబజార్’ (1957) కథే వ్యాసభారతంలో లేదు. శశిరేఖే లేదు అందులో. జనం నోటి కథ అది. దాన్ని మనం నెత్తిన పెట్టుకుని, అందులోని ప్రియదర్శిని పెట్టె చూసి వీడియో కాల్ అప్పుడే కనిపెట్టేశారని మురిసిపోతున్నాం, అలాంటిది కల్కి దగ్గరికొచ్చేసరికి మూలగ్రంథం తీస్తే ఎలా?

నా అభ్యంతరం వేరే. అశ్వత్థామ ఉన్న ప్రతి సీన్‌కీ బరువుంది, ఎందుకంటే ఆయన పాపం కథలో భాగం. ఒకప్పుడు ఉత్తర గర్భంలో శిశువు మీద అస్త్రం వేసినవాడే ఇప్పుడు ఇంకో గర్భానికి కాపలా ఉన్నాడు. ఇది మహాభారతం తెలియనివాడికీ ఎక్కుతుంది, సినిమా మొదట్లోనే చూపించేస్తారు కాబట్టి. భైరవకి అలాంటిది ఏదీ రాయలేదు. యూనిట్లు (అక్కడి డబ్బు) పోగేసి కాంప్లెక్స్ అనే పైలోకంలోకి వెళ్ళాలనుకునే కుర్రాడు చివర్లో కర్ణుడైపోతే అది మనకి సర్‌ప్రైజ్, అంతే. వాడిలో కర్ణుడి లక్షణం ఒక్కటైనా అంతకుముందు రెండున్నర గంటల్లో కనపడి ఉండాల్సింది.

అసలు ఆ 2898 ఏంటి?

కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని మన పంచాంగాల లెక్క. దానికి 6000 ఏళ్ళు కలిపితే క్రీస్తుశకం 2898. టైటిల్‌కి ఇంత లెక్క వేసినవాళ్ళు ఫస్టాఫ్‌కి కూడా వేసుంటే బాగుండేది అనిపించింది.

కల్కి మొత్తం ‘డ్యూన్’, ‘మ్యాడ్ మ్యాక్స్’, ‘స్టార్ వార్స్’ కలిపి కొట్టిన కాపీ అంటారు?

ఎడారి, తుప్పు పట్టిన బళ్ళు, పైన తేలే పిరమిడ్ చూసి ఆ పేర్లు ఎవరికైనా గుర్తొస్తాయి, కాదనను. కానీ నీళ్ళు ఎండిపోయిన కాశీ అన్న ఊహ మాత్రం మనదే. గంగ లేని కాశీని చూపించడానికి ఏ హాలీవుడ్ సినిమా నుంచీ తెచ్చుకోనక్కర్లేదు, ఆ ఒక్క షాట్ మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఎంత కలుక్కుమనిపిస్తుందో అమెరికావాడికి తెలీదు కూడా. బాధేంటంటే సినిమా అక్కడ ఆగదు. వెంటనే రామ్‌గోపాల్ వర్మ వస్తాడు, రాజమౌళి వస్తాడు, దుల్కర్ వస్తాడు, మనం పేర్లు గుర్తుపట్టే పనిలో పడిపోతాం. ఎండిపోయిన ఊరి దిగులు కాస్తా గెస్ట్ రోల్స్ హాజరుపట్టీ అయిపోతుంది.

‘పుష్ప 2’లో జాతర సీన్ అంత గొప్పదా, లేక చీర కట్టాడని హైప్ చేశారా?

గొప్పదే. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఆ మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాలో నాకు పూర్తిగా నచ్చిన భాగం అదొక్కటే.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళకి ఆ వేషం కొత్తేం కాదు. ఊళ్ళో ఆడవాళ్ళను చెరపడుతున్న పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటే, వాణ్ణి వెతికి పట్టుకోవడానికి అమ్మవారు రోజుకో వేషం వేసిందని కథ. అందుకే జాతర రోజుల్లో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని వరసగా వేస్తారు. మగవాళ్ళు మొక్కు చెల్లించుకోవడానికి చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని, గాజులు తొడుక్కుని బజారు మధ్యలో నడిచి గుడికి పోతారు. మీసం అలాగే ఉంటుంది. ఎవరూ నవ్వరు.

సుకుమార్ చేసిన మంచి పనేంటంటే ఆ వేషాన్ని పోస్టర్ కోసం వాడి వదిలేయలేదు. ఇంటి ఆడపిల్ల మీద చెయ్యి వేసినవాడి మీదకి పుష్ప వెళ్ళేది ఆ చీరలోనే. పాలెగాడి కథ పేరెత్తకుండానే పాలెగాడి కథ మళ్ళీ జరుగుతుంది. చిత్తూరువాడికి రెండు పొరలు కనిపిస్తాయి, గంగమ్మ పేరు విననివాడికి ఒక్కటే కనిపిస్తుంది, ఆ ఒక్కటి కూడా చాలు. నేను పైన చెప్పిన పరీక్షకి దీనికన్నా మంచి ఉదాహరణ ఈమధ్య రాలేదు. అల్లు అర్జున్ నడుము, మెడ, కళ్ళు వాడిన తీరు గురించి వేరే చెప్పక్కర్లేదు, మొదటి భాగానికే జాతీయ ఉత్తమ నటుడు అవార్డు తెచ్చుకున్న మొదటి తెలుగు హీరో ఆయన.

అమ్మవారికి అంత భక్తిగా దండం పెట్టిన సినిమానే ‘పీలింగ్స్’ పాట దగ్గర కెమెరా ఎక్కడ పెట్టిందో కూడా చూశాం. రెండూ ఒకే సినిమాలో ఇమిడిపోవడం మన ఇండస్ట్రీకే చెల్లింది.

స్మగ్లర్‌ని హీరో చేస్తే జనం చెడిపోతారా?

చెడిపోరు. సినిమా చూసి గొడ్డలి పట్టుకుని అడవికి పోయేవాడు ఎవడూ లేడు. అడగాల్సిన ప్రశ్న అది కాదు.

ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది మన శేషాచలం, నల్లమల చుట్టుపక్కల కొండల్లోనే. దాన్ని నరికేది ఎవరు? 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసుల కాల్పుల్లో 20 మంది చనిపోయారు, వాళ్ళు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. ఆ వార్త చదివినవాళ్ళకి ఆ అడవి అంటే గుర్తొచ్చేది వాళ్ళే. ‘పుష్ప’ మొదటి భాగం (2021) ఆ కూలీ దగ్గరే మొదలైంది. యజమాని ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చునే సీన్‌లో కూలీ పొగరు ఉంది, అందుకే అది అంత బాగా పేలింది. ఇంటిపేరు దక్కని కొడుకు అవమానం కూడా నిజమైన అవమానమే.

రెండో భాగానికి వచ్చేసరికి అతను జపాన్ పోర్టులో తేలతాడు, సెల్ఫీ ఇవ్వలేదని ముఖ్యమంత్రినే మార్చేస్తాడు. సరదాగానే ఉంటుంది. కానీ దుంగ మోసేవాడు ఫ్రేములో వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళిపోయాడు. అతన్ని చూసి చప్పట్లు కొట్టడం మొదలెట్టిన జనానికి చివర్లో చూడ్డానికి మిగిలింది హెలికాప్టర్లు, కంటైనర్లు. నాకున్న కంప్లైంట్ ఇది, స్మగ్లింగ్ గురించి కాదు.

డేవిడ్ వార్నర్ సినిమా ఏమైంది?

‘తగ్గేదేలే’ అని గడ్డం కింద చెయ్యి రాసుకుంటూ రీల్స్ చేసిన ఆస్ట్రేలియా క్రికెటర్ వార్నర్‌ని మన జనం ఆధార్ కార్డు ఒక్కటే తక్కువ అన్నట్టు సొంతం చేసుకున్నారు. ‘రాబిన్‌హుడ్’ (2025 మార్చి 28) లో గెస్ట్ రోల్ ఇచ్చారు. రీల్‌లో ముప్ఫై సెకన్లు నవ్వించిన మనిషి తెరమీద కూడా నవ్విస్తాడన్న గ్యారంటీ ఏం లేదని తేలింది.

‘సంక్రాంతికి వస్తున్నాం’లో లాజిక్ లేదు. మరి ఎందుకంత ఆడింది?

లాజిక్ కోసం ఎవరు వెళ్ళారండీ? పండక్కి ఇల్లంతా చుట్టాలు, అమ్మమ్మ నుంచి మనవడి దాకా అందరూ కలిసి పోవడానికి ఒక సినిమా కావాలి, 2025 సంక్రాంతికి అదే దొరికింది. పెళ్ళాం ఒకవైపు, పాత ప్రేయసి ఒకవైపు, మధ్యలో వెంకటేష్. 1996లో ఈవీవీ తీసిన ‘ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు’ చూసిన తరానికి ఆ మొహం, ఆ నలిగిపోవడం కొత్తేం కాదు, అదే వెంకీ, జుట్టు తప్ప ఏమీ మారలేదు. ‘గోదారి గట్టు’ పాటకి ఎప్పటినుంచో వినపడని రమణ గోగుల గొంతు తేవడం కూడా అదే లెక్క. అయితే ఇక్కడ అనిల్ రావిపూడిని మెచ్చుకోవాలి. ఐశ్వర్యా రాజేష్ భాగ్యం పాత్రకి ఇచ్చిన గోదావరి యాస, మాటమాటకీ చేసే హడావుడి, ఆ పాత సినిమా గుర్తులేనివాడిని కూడా నవ్విస్తుంది.

ఇంకోటి. ఆ సినిమాలో బుల్లిరాజు అనే పిల్లాడు నోరు తెరిస్తే బూతులు. కారణం అడిగితే ఓటీటీ చూసి నేర్చుకున్నాడంటారు. మన ఇళ్ళల్లో జరుగుతున్నదే కాబట్టి హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఆ పిల్లాడి తిట్ల క్లిప్పులు ఫోన్లలో తిరిగి ఎంతమంది పిల్లలకి నోటికొచ్చాయో ఎవరూ అడగలేదు. అడిగేవాణ్ణి బోరుగాడు అంటారు, అందుకే నేనూ ఇక్కడితో ఆపుతున్నా.

‘కోర్ట్’లో మంగపతిని చూసి శివాజీని తిట్టుకున్నాం. ఆ పాత్ర మీమ్ ఎందుకైంది?

ఇదొక చిన్న గొలుసు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో ‘నైంటీస్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’ వచ్చింది. అందులో శివాజీ లెక్కల మాస్టారు, రూపాయి రూపాయి చూసి ఖర్చు పెట్టే నాన్న. అంతకు కొద్దిరోజుల ముందే బిగ్‌బాస్ ఏడో సీజన్‌లో జనం ఆయన్ని ఇంటిమనిషిలా చూశారు. అలాంటి మొహం 2025 మార్చి 14న ‘కోర్ట్’లో పరువు పరువు అని పిల్లల బతుకుల మీదకి వస్తే మనకి వణుకు పుట్టింది. మన చుట్టాల్లో ఒకాయన అలాగే ఉంటాడు, అదీ సంగతి. పెళ్ళిలో ఆయన పక్కన కూర్చుని భోంచేసి కూడా ఉంటాం.

అదే సిరీస్‌లో పెద్దకొడుకుగా చేసిన మౌళి తర్వాత ‘లిటిల్ హార్ట్స్’ (2025 సెప్టెంబర్ 5) లో హీరో, దానికి ప్రొడ్యూసర్ ఆ సిరీస్ డైరెక్టర్ ఆదిత్య హాసనే. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో పడ్డ కుర్రాడి మొహం చూస్తే చాలు, ఆ ఒక్క ఏడాది ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా తల దించుకుని బతికిన ప్రతివాడికీ అర్థమవుతుంది. దీనికి ఏ స్టార్ జ్ఞాపకమూ అక్కర్లేదు.

‘కోర్ట్’ మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. కథ 2013లో, విశాఖలో. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం అమల్లోకి వచ్చిందే 2012 నవంబర్‌లో, కాబట్టి చట్టం గురించి పోలీసుకీ, లాయరుకీ, జనానికీ ఏమీ తెలియని రోజులు. ఆ గందరగోళాన్ని డైరెక్టర్ రామ్ జగదీష్ బాగా పట్టుకున్నాడు, ప్రియదర్శి వాదించే చివరి అరగంట ఊపిరి తీసుకోనివ్వదు. కానీ వాచ్‌మన్ కొడుకు, పెద్దింటి అమ్మాయి అనేసి డబ్బు తేడా మీదే కథ నడిపారు. మన ఊళ్ళల్లో పరువు గొడవ డబ్బు దగ్గర మొదలవడం తక్కువ, కులం దగ్గర మొదలవుతుంది. ఆ మాట ఎత్తకుండా కోర్టు సీన్ అంతా నడిపించేశారు. ఆ అమ్మాయి జాబిలి ఏమనుకుంటోందో కూడా సరిగ్గా వినలేదు మనం.

‘బలగం’ గురించి ఇంకా ఎన్నాళ్ళు చెప్తారు?

అలాంటిది ఇంకొకటి వచ్చేదాకా. 2023 మార్చి 3న వచ్చింది. కొమురయ్య చనిపోతాడు, మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు పిట్టకు పెట్టుడు, కాకి ముట్టదు. కథ ఇంతే. చావింట్లో భోజనాల దగ్గర బావకీ బావమరిదికీ నల్లి బొక్క మీద గొడవ జరిగే సీన్ చూడండి. పాత పగ అంతా ఆ ఎముక ముక్కలోంచే బయటికొస్తుంది. విస్తరి ముందు కూర్చున్న మగవాళ్ళ గొంతులు పెరగడం, వడ్డించేవాడి చెయ్యి ఎటూ తేల్చుకోలేక ఆగిపోవడం, చుట్టాలు ఎవరి పక్షం వహించాలో తెలీక చూపులు తిప్పుకోవడం. తెలంగాణ పల్లెలో అలాంటి గొడవ చూడని ఇల్లుందా?

చివర్లో బుడగజంగం కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ వచ్చి చచ్చిపోయినాయన తరఫున పాడతారు. ఆ పాట ఇంటిల్లిపాదినీ నిలబెట్టి కడిగేస్తుంది. కల్కిలోలాగా ఫలానావాళ్ళు వచ్చారోచ్ అని మనం గుర్తుపట్టాల్సిన పని లేదు, ఆచారంలో వాళ్ళ చోటు వాళ్ళకుంది. ఊళ్ళల్లో స్క్రీన్లు కట్టుకుని వాడంతా కలిసి చూశారు, మాటల్లేని అన్నదమ్ములు కలిశారని వార్తలొచ్చాయి. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశాడు.

ఆ తర్వాత చావు, ఊరు, యాస పెట్టి చాలామంది ట్రై చేశారు. యాస దొరికింది, విస్తరి దగ్గర గొడవ దొరకలేదు.

‘ది గర్ల్‌ఫ్రెండ్’ ‘అర్జున్ రెడ్డి’కి జవాబా?

జవాబే, కానీ అరిచి చెప్పిన జవాబు కాదు. 2017 ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు కాలేజీలో హీరోయిన్ ప్రీతి ఏమనుకుందో మనకి పట్టలేదు, పాట బాగుంది, బండి బాగుంది, హీరో కోపం బాగుంది. అదే సందీప్ రెడ్డి వంగా ‘యానిమల్’ (2023) లో చేసిన రష్మికనే రాహుల్ రవీంద్రన్ 2025 నవంబర్‌లో భూమా పాత్రలో పెట్టడం చూస్తే, కావాలని చేసినా చేయకపోయినా, ఆ లింకు మన బుర్రలో దానంతటదే పడిపోతుంది. ఆ అమ్మాయి అవునని పూర్తిగా అనకముందే కాలేజీ మొత్తం ఆమెను విక్రమ్ గర్ల్‌ఫ్రెండ్ కింద జమకట్టేస్తుంది. విక్రమ్ వాళ్ళమ్మగా రోహిణి దాదాపు మాటల్లేకుండా చేసిన సీన్ ఉంది, ఆమెను చూస్తూ చూస్తూ భూమా తన ఇరవై ఏళ్ళ తర్వాతి బతుకు చూసుకుంటుంది. ‘అర్జున్ రెడ్డి’ చూడనివాళ్ళకి కూడా ఆ సీన్ గుచ్చుకుంటుంది.

క్లైమాక్స్‌లో మాత్రం స్పీచ్ ఎక్కువైంది. రోహిణి మౌనం మీద నమ్మకం పెట్టుకున్న డైరెక్టర్ చివర్లో మైకు మీద ఆధారపడ్డాడు.

రీ-రిలీజ్‌లకి అంత జనం ఎందుకు?

2022 ఆగస్టు 9న మహేష్ పుట్టినరోజుకి ‘పోకిరి’ వేశారు, తర్వాత ‘జల్సా’, అక్కణ్నుంచి వరద. మొదట్లో సరదా, ఇప్పుడు క్యాలెండర్. అయితే అందులో నాకిష్టమైనది ‘ఈ నగరానికి ఏమైంది’ సంగతి. 2018లో వచ్చినప్పుడు ఒక మాదిరిగా ఆడింది. ఓటీటీ, మీమ్స్, హాస్టల్ రూముల పుణ్యమా అని ఐదేళ్ళకి, 2023 జూన్ 29న మళ్ళీ వేస్తే కుర్రాళ్ళు మొదటి డైలాగు నుంచి చివరిదాకా తెరతో కలిసి చెప్పారు. స్టార్ లేడు, ఫ్యాన్ క్లబ్ లేదు. నలుగురు ఫ్రెండ్స్ తాగి గోవా పోయి షార్ట్ ఫిల్మ్ తీసుకోవడం తప్ప ఏమీ లేని సినిమా. అది జనం జ్ఞాపకం అవ్వడానికి ఎవరి జ్ఞాపకాన్నీ అప్పు తెచ్చుకోలేదు.

పాటల్లో స్టెప్పుల మీద గొడవ అతిగా చేస్తున్నారా?

‘డాకు మహారాజ్’లో ‘దబిడి దిబిడి’ 2025 జనవరిలో, ‘రాబిన్‌హుడ్’లో ఇంకో పాట మార్చిలో. ఆ నెలలోనే తెలంగాణ మహిళా కమిషన్ ఇలాంటి స్టెప్పులు వద్దని హెచ్చరించింది. నిషేధాలతో నాకు పని లేదు. కానీ ఒక్కటి గమనించండి, ఈ స్టెప్పులు పాట కోసం పుట్టడం లేదు, రీల్ కోసం పుడుతున్నాయి. పదిహేను సెకన్లలో ఎవరైనా చేసి పెట్టేలా ఒక కదలిక కావాలి, ఎంత రెచ్చగొడితే అంత తిరుగుతుంది. డాన్స్ మాస్టర్ పని ఇప్పుడు అది. మిగతా నాలుగు నిమిషాల పాటలో ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

అమెరికా ప్రీమియర్ టాక్ నమ్మొచ్చా?

అక్కడ ముందురోజు సాయంత్రం షో పడితే మనకి ఇక్కడ తెల్లారుతుంది, మనం పళ్ళు తోముకునేలోపే డల్లాస్ నుంచి తీర్పు వచ్చేస్తుంది. ఆ షోకి వచ్చేవాడు ఎక్కువ డబ్బు పెట్టి, ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి, ఇంటి మీద బెంగతో కూర్చున్న వీరాభిమాని. గుర్తు చేసే సినిమా వాడికి రెట్టింపు ఎక్కుతుంది, ‘ఓజీ’ లాంటివాటికి ఆ టాక్ ఆకాశంలో ఉంటుంది. ‘కోర్ట్’ లాంటి సినిమాకి అయితే ఆ టాక్ వినండి, అక్కడ అప్పు తెచ్చుకున్న ఈల ఉండదు. మిగతావాటికి మాత్రం సోమవారం మ్యాట్నీకి మీ ఊళ్ళో టికెట్లు ఎన్ని తెగాయో యాప్‌లో ఒకసారి చూసుకుని వెళ్ళండి.